పోరుమామిళ్ళ చుట్టుపక్కల పిల్లలతో, పెద్దలతో కలిసి చూడదగిన కొండలు, అడవులు, చెరువులు ఏవి?

ప్రశ్న
రాసినవారు: గోదావరి ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా వారికి బదిలీ కావడంతో ఈ జూన్ నెలలో మేము భీమవరం నుంచి కడప జిల్లా పోరుమామిళ్ళకు వచ్చి స్థిరపడ్డాము. ఇంట్లో మేమిద్దరం, పదేళ్ళ అబ్బాయి, ఏడేళ్ళ అమ్మాయి, మోకాళ్ళ నొప్పులతో ఎక్కువ దూరం నడవలేని మా అత్తగారు ఉన్నాము. ఆదివారాలు పిల్లలను ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టడం మాకు ఇష్టం లేదు. చెట్టూ పుట్టా, పిట్టా నీరూ ఉన్న చోటికి తీసుకువెళ్ళాలని మా కోరిక.

ఇరుగుపొరుగు వారిని అడిగితే ఎక్కువమంది గుళ్ళ పేర్లే చెప్పారు. గుళ్ళు చూడటానికి మాకు అభ్యంతరం లేదు, మా అత్తగారికి అది సంతోషమే. కానీ నేను అడుగుతున్నది ప్రకృతిని చూసే చోట్ల గురించి. దాపరికం లేకుండా ఒక మాట చెబుతాను, ఇక్కడివారు నొచ్చుకోవద్దు. ఊరి చుట్టూ ఉన్న కొండలు మాకు ఎండిపోయినట్టు, ముళ్ళకంపలతో నిండినట్టు కనిపిస్తున్నాయి. మా కళ్ళు వరిచేలకూ కొబ్బరితోటలకూ అలవాటుపడినవి కాబట్టి లోపం మా చూపులోనే ఉండవచ్చు. ఊరికి దగ్గరలో ఏముంది, ఒక పూటలో ఎక్కడికి వెళ్ళిరావచ్చు, ఒక రోజంతా ఉంటే ఎక్కడికి వెళ్ళవచ్చు, ఏ నెలలు మంచివి, అడవిలోకి వెళ్ళాలంటే ఎవరిని అడగాలి అన్నది తెలిసినవారు చెప్పగలరని మనవి.


జవాబు 1
రాసినవారు: చెరువుకట్ట

అమ్మా, మా ఊరికి స్వాగతం. నేను పోరుమామిళ్ళలోనే పుట్టి పెరిగినవాడిని. మీరు దూరం వెళ్ళే ముందు ఊరి చెరువును ఒక పూట తీరికగా చూడండి. చాలామంది మోటారు సైకిలు ఆపి ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. ఆ చెరువుకు అంతకంటే ఎక్కువ సమయం ఇవ్వాలి.

దాని అసలు పేరు అనంతరాజసాగరం. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యాన్ని పాలించిన భాస్కర భవదూరుడు దీనిని కట్టించి, 1369లో శాసనం వేయించాడు. సంస్కృత శ్లోకాలలో చెక్కిన ఆ శాసనం ఊళ్ళోని భైరవాలయం ఎదుట రెండు బండల మీద ఉంది. రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారనీ, రాళ్ళు తోలడానికి వంద బండ్లు నడిచాయనీ అందులో రాశారు. దానధర్మాలు చెప్పే శాసనాలు మన రాష్ట్రంలో వేలకొద్దీ ఉన్నాయి కానీ, ఒక మంచి చెరువుకు ఏమేమి కావాలో, ఏవి ఉండకూడదో పాఠం చెప్పినట్టు చెప్పిన శాసనం ఇంత వివరంగా మరొకటి నేను చూడలేదు.

చెరువుకు పన్నెండు సాధనాలు ఉండాలని శాసనం అంటుంది. ధర్మం తెలిసి, సంపద ఉండి, కీర్తి కోరే రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి తియ్యని నీరు తెచ్చే నది, ఆ నదిని ఆనుకొని కొండలు, ఆ కొండల నడుమ మరీ పొడవు కాకుండా రాతితో బిగించి కట్టిన కట్ట, లోతూ వైశాల్యమూ ఉన్న చెరువు కడుపు, దగ్గరలో పొడవైన రాళ్ళు దొరికే గని, చుట్టూ చదునైన సారవంతమైన పొలాలు, పని తెలిసిన కూలీల జట్టు, ఇలా సాగుతుంది ఆ వరుస. దోషాలు ఆరు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు మధ్యలో తాబేటి వీపులాగా మిట్ట లేవడం, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం.

పిల్లలకు ఈ రెండు జాబితాలూ ఒక కాగితం మీద రాసి ఇచ్చి కట్ట మీదికి తీసుకువెళ్ళండి. కొండలు ఎక్కడ ఉన్నాయి, గుట్టకూ గుట్టకూ మధ్య మట్టికట్టను ఎలా అతికించారు, నీటివైపు ఏ రాయి పరిచారు, తూము ఎక్కడుంది, నీరు ఎక్కువైతే పొర్లిపోయే మరువ ఎక్కడుంది అని వాళ్ళే వెతుక్కుంటారు. మీ వైపు అలుగు అనేదాన్ని మా సీమలో మరువ అంటాం. ఆరున్నర వందల ఏళ్ళ కిందట రాసిన మాటలను ఎదురుగా ఉన్న కొండతో సరిపోల్చుకునే అవకాశం పిల్లలకు అన్ని ఊళ్ళలో దొరకదు. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలుగా గుర్తించిన వాటిలో మా చెరువు కూడా ఉంది. అదే సంవత్సరం కడప కర్నూలు కాలువకూ, గిద్దలూరు దాటి వెళితే వచ్చే కంభం చెరువుకూ ఆ గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు ఆగస్టులో నీరు అడుగునే ఉంటుంది. చెరువు నింపే వానలు మాకు ఎక్కువగా అక్టోబరు, నవంబరులలో ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. వాన బాగా పడిన ఏడాది కార్తీకం నాటికి చెరువు నిండి, చలికాలమంతా కొంగలు, నీటికాకులు, బాతులు కనిపిస్తాయి. తెల్లవారి ఆరు గంటలకు వెళ్ళండి. ఒక మనవి కూడా చేస్తున్నాను. కట్ట మీద ప్లాస్టిక్ సీసాలు, విస్తరాకులు వదిలిపోయేవారి వల్ల మాకు ఎంతో బాధగా ఉంది. మీతో ఒక సంచి తీసుకువెళ్ళి మీది మీరు వెనక్కి తెచ్చుకుంటే అదే మా ఊరికి మీరు చేసే మేలు.


జవాబు 2
రాసినవారు: లంకమల దారి

కొండలు ఎండిపోయినట్టు ఉన్నాయని మీరు రాసిన వాక్యం నన్ను ఆపింది. ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన దాదాపు ప్రతివారూ అదే మాట అంటారు. ఆ ముళ్ళపొదల అడవే ఇక్కడి అసలు సంపద అని ఒప్పించడానికి నేను కొంచెం ఎక్కువగా రాస్తాను, ఓపికతో చదవండి.

మీరున్నది సగిలేటి లోయ. పడమట నల్లమల, తూర్పున వెలికొండ, నడుమ పెన్నలో కలిసే సగిలేరు. దక్షిణంగా బద్వేలు దాటి సిద్ధవటం వైపు వెళుతుంటే కుడిచేతివైపు కనిపించే కొండల వరుస లంకమల. అక్కడే 1988లో ఏర్పడిన శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి సంరక్షణ కేంద్రం ఉంది. విస్తీర్ణం దాదాపు 464 చదరపు కిలోమీటర్లు. చిరుత, ఎలుగుబంటి, కణితి, చుక్కల దుప్పి, నాలుగు కొమ్ముల కొండగొర్రె ఆ అడవిలో తిరుగుతాయి.

ఈ అడవి ఆకురాల్చే అడవి. మాఘం దాటాక కొండ మీద చెట్లు ఆకు వదిలేసి ఎముకల్లాగా నిలబడతాయి. నీరు లేని నెలల్లో తడిని దాచుకోవడానికి చెట్టుకు తెలిసిన ఉపాయం అది. చచ్చిపోయిందనుకున్న ఆ చెట్టే తొలకరి పడిన పదిహేను రోజులకు చిగురు వేస్తుంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఈ తూర్పు కనుమల దక్షిణపు కొనలోనే, అంటే కడప, చిత్తూరు, నెల్లూరు వైపు కొండల్లోనే, ఇలాంటి రాతినేలలోనే పెరుగుతుంది. సారవంతమైన నల్లరేగడి దానికి ఇష్టం లేదు. దాని బెరడు మొసలి చర్మంలాగా పలకలు పలకలుగా పగిలి నల్లగా ఉంటుంది, రెమ్మకు సాధారణంగా మూడు ఆకులు ఉంటాయి, కాయ చుట్టూ పలుచని రెక్క ఉంటుంది. ఒకసారి చూస్తే పిల్లలు మళ్ళీ గుర్తుపడతారు.

ఇక ముళ్ళపొదల సంగతి. కొండ అంచున, పల్లెలకు దగ్గరగా, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఖాళీ నేల ఉండే పొదల భూమి ఉంటుంది. తుమ్మ, సుంద్ర, రేగు, కలివి పొదలు. బయటివారికి అది బీడు. అక్కడే కలివి కోడి బతుకుతుంది. ఆ కలివి పొదల నడుమ తిరిగే పిట్ట కాబట్టే మా పల్లెల్లో దానికి ఆ పేరు వచ్చింది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ ద్వారా 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఆ పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అది అంతరించిపోయిందని పుస్తకాలన్నీ అనుకున్న తరువాత, 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ బృందం వెతుకుతుండగా, ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో దానిని పట్టుకున్నాడు. అది జరిగింది సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో, మన లంకమల అంచున. పుస్తకాలకు తెలియని పక్షి పల్లె మనిషికి తెలుసు అన్న సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా గుండె నిండుతుంది.

ఆ పొదల మధ్య నుంచి 2000వ దశకంలో తెలుగుగంగ కాలువ తవ్వకం మొదలైనప్పుడు, పక్షి శాస్త్రవేత్తలూ అటవీశాఖా పట్టుబట్టడంతో కాలువ దారిని మార్చారు. పొదలు నరికి చదును చేస్తే కలివి కోడికి నిలువ నీడ ఉండదు. పొదలు మరీ దట్టమైనా దానికి పనికిరాదు, ఎందుకంటే అది నేల మీద పరుగెత్తుతూ చెదలనూ పురుగులనూ ఏరుకుతినే పక్షి. పశువులు మేసే తీరు, కట్టెలు కొట్టే తీరు కాస్త అటూ ఇటూ అయితే చాలు, ఆ సమతూకం చెడిపోతుంది. అందుకే మేము ఆ నేలను బీడు అని పిలవడం మానేశాము.

అడవిలోకి మీ అంతట మీరు వెళ్ళవద్దు. ఎర్రచందనం దొంగరవాణా కారణంగా అక్కడ గస్తీ గట్టిగా ఉంటుంది. కొత్త మొహాలు కనిపిస్తే ఆపి అడగడం వారి విధి. ముందుగా అటవీశాఖ రేంజి కార్యాలయానికి వెళ్ళి, కుటుంబంతో పగటిపూట చూడాలనుకుంటున్నామని చెప్పి, ఎక్కడివరకు వెళ్ళవచ్చో వారి మాట తీసుకోండి. లంకమల్లేశ్వర స్వామి గుడికీ, సిద్ధవటం వైపు నిత్యపూజకోనకూ కార్తీకంలోనూ శివరాత్రికీ భక్తులు నడిచి వెళతారు. నిత్యపూజకోన దారి రాళ్ళమీదుగా ఎక్కుతూ దిగుతూ సాగుతుంది. మీ అత్తగారిని ఆ నడకకు తీసుకువెళ్ళడం నేను ఒప్పుకోను. పిల్లలతో అయితే వానలు వెనకబట్టాక, కోనలో వంకలు పారుతున్నప్పుడు వెళ్ళండి.


రాసినవారు: గోదావరి ఆడపడుచు

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. మీ జవాబులు మా అత్తగారికి చదివి వినిపించాను. కలివి కోడి కథ విన్న దగ్గర నుంచి మా అమ్మాయి దానిని చూపించమని పట్టుబడుతోంది. రాత్రిపూట ఆ పొదల వైపు వెళ్ళి వినడానికి కానీ చూడటానికి కానీ వీలుంటుందా? అలాగే పిల్లలతో వెళ్ళినప్పుడు పాముల భయం ఎంతవరకు ఉంటుంది?


జవాబు 3
రాసినవారు: లంకమల దారి

అమ్మా, వీలుండదు, ప్రయత్నించవద్దు కూడా. సంరక్షణ కేంద్రంలో రాత్రి సంచారానికి అనుమతి ఉండదు. కొందరు ఫోనులో ఆ పక్షి కూత వినిపించి దానిని పిలవాలని చూస్తారు. వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాయేమో అన్న పక్షిని అలా కలవరపెట్టడం దానికి చేటు చేయడమే. పాపకు దాని బొమ్మ వేయించండి. కంటి మీదుగా తెల్లని పట్టీ, రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు, పొడవైన కాళ్ళు, పెద్ద కళ్ళు. సిద్ధవటం దారిలో పగలు ఆ పొదల నేలను చూపించి, రాత్రి ఇక్కడ తిరుగుతుందట అని చెబితే చాలు.

పాముల విషయంలో, మడమలు కప్పే బూట్లు వేసి, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకుండా, దారి వదలకుండా నడిపిస్తే భయపడవలసిన పని లేదు. నా అనుభవంలో పిల్లలకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఎండ. మనిషికి రెండు లీటర్ల నీళ్ళకు తగ్గకుండా తీసుకువెళ్ళండి.


జవాబు 4
రాసినవారు: విశ్రాంత భూగోళం అయ్యవారు

నేను ఈ జిల్లాలో ముప్పై ఏళ్ళు భూగోళశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. ఒక రోజంతా సమయం ఉంటే ఎక్కడికి వెళ్ళవచ్చన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. గండికోట గురించి అందరూ చెబుతారు. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన ఆ లోయను ఒకసారి చూసితీరాలి. దానికి ఇంతకంటే నా సిఫారసు అవసరం లేదు. పిల్లలను అంచు దగ్గర చెయ్యి వదలవద్దు, అక్కడ చాలా చోట్ల అడ్డు ఏమీ ఉండదు.

నేను ముందుగా పంపేది అహోబిలానికి. మైదుకూరు, ఆళ్ళగడ్డ మీదుగా వెళ్ళాలి. అది పుణ్యక్షేత్రమే అయినా, నల్లమల లోపలి అడవిని పిల్లలతో సురక్షితంగా చూడటానికి మన వైపు అంతకంటే అనువైన చోటు లేదని నా అభిప్రాయం. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి ఎనిమిది కిలోమీటర్ల దారి అడవి మధ్యగా సాగుతుంది, వాహనం పైదాకా వెళుతుంది కాబట్టి మీ అత్తగారు ఎగువ నరసింహస్వామిని దర్శించుకుని చెట్ల నీడన కూర్చోవచ్చు. మీరు పిల్లలతో భవనాశిని వాగు వెంట జ్వాలా నరసింహస్వామి గుడి దారిలో ఓపిక ఉన్నంత దూరం నడిచి వెనక్కి తిరగవచ్చు. ఉగ్రస్తంభం దాకా ఎక్కాలన్న పట్టుదల ఈ వయసు పిల్లలతో వద్దు. ఆ కొండ గోడలను జాగ్రత్తగా చూపించండి. పొరలు పొరలుగా పేర్చినట్టున్న ఆ రాళ్ళు ఒకప్పటి సముద్రపు ఇసుక, బురద గట్టిపడి ఏర్పడినవి. భూగర్భ శాస్త్రంలో ఈ రాళ్ళన్నిటికీ కడప పేరే పెట్టారు. మీ ఇంటి ముందు పరిచిన కడప బండ కూడా ఆ కుటుంబంలోదే. వాటి వయసు కోట్ల సంవత్సరాలలో కాదు, వంద కోట్ల సంవత్సరాలకు పైమాటగా లెక్కిస్తారు. నేను పాఠం చెప్పేటప్పుడు ఇంట్లో బండను తడిమి చూసి రమ్మని పిల్లలకు ఇంటిపని ఇచ్చేవాడిని.

రెండోది రోళ్ళపాడు. దూరం ఎక్కువే, నంద్యాల దాటి మిడుతూరు మండలానికి వెళ్ళాలి, తెల్లవారుజామునే బయలుదేరాలి. ఇక్కడ లంకమల దారి గారి మాటకు నేను ఒకటి జోడిస్తాను. పొదల నేలను ఎంత తక్కువగా చూశామో, గడ్డి నేలను అంతకంటే తక్కువగా చూశాము. కొండ లేదు, చెట్టు లేదు, నీటి వంక లేదు, మోకాలెత్తు గడ్డి మాత్రమే ఉన్న 614 హెక్టార్ల చదును నేలను 1988లో బట్టమేక పక్షి కోసం సంరక్షణ కేంద్రం చేశారు. నిలబడితే మీటరు ఎత్తు ఉండే బట్టమేకలు ఒకప్పుడు అక్కడ గుంపుగా తిరిగేవి. చుట్టూ ఉన్న మెట్టభూములు నీటి పంటలకు మారిపోవడం, గడ్డి నేలలు ముక్కలు కావడం వంటి కారణాలతో అవి ఈ రాష్ట్రంలో దాదాపు కనుమరుగయ్యాయి. బట్టమేకను చూపిస్తానని పిల్లలకు మాట ఇచ్చి తీసుకువెళ్ళవద్దు. కృష్ణజింకల మందలు కనిపిస్తాయి, చలికాలంలో గడ్డి మీద తక్కువ ఎత్తులో తేలుతూ తిరిగే వలస గద్దలు కనిపిస్తాయి. ఒక నేల దేనికోసం కాపాడబడిందో అదే వెళ్ళిపోయిన చోటును పిల్లలు చూడవలసిన అవసరం ఉందని నేను నమ్ముతాను.

నెలల విషయానికి వస్తే, అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి నడిమి వరకు మంచి కాలం. మార్చి దాటిన తరువాత పగటిపూట పిల్లలను, పెద్దలను కొండలవైపు తీసుకువెళ్ళవద్దు. ఎండతోపాటు అడవిలో నిప్పు రాజుకునే కాలం కూడా అదే. దారిలో ఆగి వంట చేసుకునే అలవాటు ఉన్నవారు ఆ నెలల్లో పొయ్యి వెలిగించకుండా సద్ది మూటకట్టుకుని వెళ్ళాలని ప్రత్యేకంగా కోరుతున్నాను.


జవాబు 5
రాసినవారు: బద్వేలు అక్క

అయ్యవారు చెప్పిన వాటికి కారు కావాలి. మేము ఎప్పుడూ బస్సులోనే తిరిగినవాళ్ళం కాబట్టి నాకు తెలిసినది చెబుతాను. మీ అత్తగారి మోకాళ్ళను బట్టి చూస్తే మొదట బ్రహ్మంగారి మఠం పెట్టుకోండి. దర్శనం అయ్యాక అక్కడికి దగ్గరలోనే బ్రహ్మంసాగర్ జలాశయం ఉంది. తెలుగుగంగ పథకంలో కట్టినది, నిండితే 17 టీఎంసీలకు పైగా నీరు నిలుస్తుంది. కొండల అంచులదాకా పరుచుకున్న నీటిని కట్ట మీద నిలబడి చూడవచ్చు, మెట్లెక్కే పని లేదు. లోపలికి దిగనివ్వవద్దు, లోతు ఒక్కసారిగా వస్తుంది.

రెండోసారి సిద్ధవటం, ఒంటిమిట్ట కలిపి పెట్టుకోండి. పెన్న ఒడ్డున సిద్ధవటం కోట లోపల చెట్ల నీడ బాగుంటుంది, పెద్దవారు కూర్చుని ఉంటే పిల్లలు బురుజుల వెంట తిరుగుతారు. కోట వెనకవైపు నుంచి నది ఇసుకమేటలు కనిపిస్తాయి. ఒంటిమిట్టలో కోదండరామాలయం చూసి, ఊరి చెరువు గట్టున సాయంకాలం గడిపి రావచ్చు. బద్వేలు నుంచి ఆ దారంతా లంకమల పక్కనే ఉంటుంది కాబట్టి కిటికీ పక్కన కూర్చుంటే లంకమల దారి గారు చెప్పిన పొదల నేల అదే కనిపిస్తుంది. పిల్లలకు ఊయలలు, ఆటలు కూడా కావాలనుకుంటే కడపలో శిల్పారామం ఉంది. దాని గురించి అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

మరొక సంగతి. సీతాఫలాల కాలం దగ్గరకు వస్తోంది. కొండ పల్లెల ఆడవాళ్ళు తట్టల్లో తెచ్చి దారి పక్కన అమ్ముతారు. బేరం ఆడకుండా కొనండి. ఆ కాయలు ఏరడానికి వాళ్ళు ఎంత పొద్దున లేచి ఎంత దూరం నడుస్తారో నేను దగ్గర నుంచి చూశాను.


రాసినవారు: గోదావరి ఆడపడుచు

మీ అందరికీ రుణపడి ఉన్నాము. మొన్న ఆదివారం తెల్లవారి చెరువుకట్టకు వెళ్ళాము. శాసనంలోని పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు మా అబ్బాయి ఒక కాగితం మీద రాసుకుని వచ్చాడు. గంటసేపు వెతికి సాధనాలలో ఏడింటిని గుర్తుపట్టాడు. రాతిగని మాత్రం ఎక్కడుందో తేలలేదు, ఎవరైనా చెబితే వాడికి నిద్రపడుతుంది. కట్ట మీది నుంచి పడమటి కొండలను చూస్తే నాకు ఈసారి అవి ఎండినట్టు కనిపించలేదు. మొదటి వానలకే కిందిభాగమంతా లేత పచ్చగా తిరిగింది. జూన్ నుంచీ రోజూ చూస్తున్న కొండ మీద ఆ రంగును నేను ఎందుకు గమనించలేదో తెలియదు.

ఒక సందేహం మిగిలింది. నీరు వెనక్కి తగ్గిన చెరువు నేల మీద మేము నడుస్తుంటే ఒక పిట్ట మా తలల మీదుగా తిరుగుతూ ఆగకుండా అరిచింది. పొడవైన పసుపు కాళ్ళు, నల్లని తల, నల్లని రొమ్ము, తెల్లని పొట్ట, ముక్కు దగ్గర ఎర్రని తోలు. మేము ఎటు నడిస్తే అటు వచ్చింది. మా అత్తగారు అది తీతువు అనీ, తీతువు అరిస్తే కీడు అనీ భయపడి వెంటనే ఇంటికి పదండి అన్నారు. అది తీతువేనా? ఎందుకు అలా వెంటపడింది?


జవాబు 6
రాసినవారు: లంకమల దారి

అది తీతువే, మీ అత్తగారు సరిగ్గా గుర్తుపట్టారు. వెంటనే ఇంటికి పదండి అన్న మాట కూడా సరైనదే, కారణం మాత్రం వేరు. తీతువు గూడు కట్టదు. బోడి నేల మీద నాలుగు గులకరాళ్ళ నడుమ, ఆ రాళ్ళ రంగులోనే ఉండే గుడ్లు పెడుతుంది. మీ అడుగులు ఆ గుడ్లకో, అప్పుడే గుడ్డు నుంచి బయటికి వచ్చి నేలకు అతుక్కుని పడుకున్న పిల్లలకో దగ్గరగా పడి ఉంటాయి. మిమ్మల్ని దూరంగా పంపడానికే అది తల మీద తిరుగుతూ అరిచింది. ఈసారి అలా అరిస్తే గుడ్లను వెతకవద్దు, నిలబడి ఫొటో తీయవద్దు. మీరు వచ్చిన అడుగుల మీదనే నెమ్మదిగా వెనక్కి నడిచి, కట్ట ఎక్కి, అరుపు ఆగేదాకా ఉండండి. ఆగిన తరువాత అది దిగిన చోటును పిల్లలకు దూరం నుంచే చూపించండి.


జవాబు 7
రాసినవారు: చెరువుకట్ట

మీ అబ్బాయి మిగిలిన ఐదింటి కోసం వచ్చే ఆదివారం వస్తే నేను కట్ట మీదనే ఉంటాను. కట్టను ఆనుకుని ఉన్న గుట్టల రాయి, నీటివైపు పరిచిన రాయి రెండూ పక్కపక్కన చూపిస్తాను. రాతిగని ఎక్కడుండేదో తేల్చుకునే పని వాడికే వదిలేస్తాను.